కోడూరు నల్లరాయి, విశాఖ రేవు

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి మైకు వినిపిస్తోందా? సరే. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇదిగో, ఈ రాయి మా అమ్మ ట్రంకుపెట్టెలోది. ముందు వరసలో ఈ అమ్మాయికి ఇస్తున్నాను. ఒక్కొక్కరూ చేతిలోకి తీసుకుని, బరువెంతుందో చూసి, పక్కవాళ్ళకి అందించండి. నేను మాట్లాడ్డం పూర్తయ్యేసరికి హాలంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికి రావాలి. చేతికి నలుపంటుతుంది, తెల్లచొక్కాల వాళ్ళు కాస్త చూసుకోండి.

అది మాంగనీసు రాయి. కోడూరుది. కోడూరంటే చాలామంది కడప వైపు ఉన్న రైల్వే కోడూరు అనుకుంటారు, అది కాదు, మన గరివిడి, చీపురుపల్లి పక్కన ఉన్న కోడూరు. ఇక్కడ విశాఖలో శ్రీకాకుళం వైపు పాసింజరు ఎక్కితే విజయనగరం, నెల్లిమర్ల దాటాక గరివిడి వస్తుంది. ఆ చుట్టుపక్కల ఒక చిన్న గని పేట మాది. పేట అంటే పెద్దగా ఏం లేదు, గనిలో పనికొచ్చిన వాళ్ళు వరసగా వేసుకున్న తాటాకు పాకలు, ఒక నుయ్యి, ఒక రావిచెట్టు, దాని కింద అమ్మవారు. స్టేషను బోర్డు మీద మా పేట పేరు ఏనాడూ లేదు.

మా నాయనమ్మ కాపురానికొచ్చినప్పుడు అది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు, జిల్లాలు మాత్రం మూడు మారాయి. అందుకే విశాఖలో ఎవరైనా నన్ను 'పక్క జిల్లా ఆవిడ' అంటే నాకు కొంచెం మనసు చివుక్కుమంటుంది. ఈ ఊరికీ మా ఊళ్ళకీ మధ్య ఉన్నది పక్కజిల్లా చుట్టరికం కాదు. అది చెప్పడానికే వచ్చాను.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా వైపే. 1892లో. విజయనగరం సంస్థానంలో. మొదటి ఏడాది తీసింది ఏడొందల టన్నులు కూడా లేదు, ఇప్పుడైతే ఒక్క గూడ్సు బండికి కూడా చాలదు. మధ్యప్రాంతాల్లో, అంటే నాగపూరు, బాలాఘాట్ వైపు తవ్వకాలు ఊపందుకోవడానికి ఇంకో ఏడెనిమిదేళ్ళు పట్టింది. అప్పటిదాకా ఈ దేశం నుంచి మాంగనీసు వెళ్ళిందంటే మా గోతుల్లోంచి వెళ్ళినట్టే.

ఎందుకు కావాలి అంత దూరం వాళ్ళకి ఈ రాయి? ఉక్కు కోసం. ఇనుము కరిగించి ఉక్కు చేసేటప్పుడు లోపల ఆక్సిజన్, గంధకం మిగిలిపోతాయి. వాటిని పట్టుకుని బయటికి తెచ్చేది మాంగనీసు. అది పడకపోతే ఎర్రగా కాల్చిన ఉక్కుని సాగదీస్తుంటే పగుళ్ళిచ్చేస్తుంది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట చూడండి, చక్రాల దెబ్బ అంతా అక్కడే పడుతుంది కదా, అక్కడ వేసే ఉక్కులో నూటికి పన్నెండు పదమూడు పాళ్ళు మాంగనీసే ఉంటుంది, అది దెబ్బ తినేకొద్దీ గట్టిపడుతుంది. రైళ్ళు, వంతెనలు, ఓడలు, యుద్ధాలు, ఇవన్నీ పెరుగుతున్న కాలం అది. పైగా ప్రపంచానికి ఎక్కువ మాంగనీసు ఇస్తున్న రష్యాలో 1905లో గొడవలు రేగాయి, కాకసస్ నుంచి సరుకు రావడం తగ్గింది. కొనేవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఆ రోజుల్లోనే జియలాజికల్ సర్వే నుంచి ఫెర్మోర్ అని ఒకాయన వచ్చి మా గోతులన్నీ తిరిగాడు. 1909లో ఈ దేశపు మాంగనీసు మీద పెద్ద గ్రంథం అచ్చయింది ఆయనది. మా దగ్గర దొరికిన ఒక రకం రాతికి ఆయన పెట్టిన పేరు కోడూరైట్. ఇక్కడ జియాలజీ చదివే పిల్లలుంటే మీ పుస్తకాల్లో చూసే ఉంటారు. ఆ పేరు మా కోడూరుదే. నేను టీచరుగా చేసిన ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు ఈ సంగతి చెప్పానో, ప్రతిసారీ మా వైపు పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. 'మన కోడూరేనా టీచర్?' అని. మనదేనమ్మా.

ఇప్పుడు రేవు దగ్గరికొద్దాం. ఇక్కడ హార్బరు లేని రోజుల్లో ఓడలు ఒడ్డుకి దూరంగా సముద్రంలో లంగరేసి నిలబడేవి. రాయిని పడవల్లో కెరటాలు దాటించి ఓడ దాకా తీసుకెళ్ళాలి. ఒక గంప మాంగనీసు ఎత్తి చూడండి, మట్టి గంపకి రెట్టింపు కంటే ఎక్కువ బరువు, అది పడవలో పోసుకుని కెరటం మీద వెళ్ళడమంటే ఎంత పనో. మరోపక్క మధ్యప్రాంతాల మాంగనీసంతా బొంబాయికో కలకత్తాకో చుట్టు తిరిగి పోతోంది. దగ్గర దారి కావాలి. అందుకే ఆ రాయపూర్ – విజయనగరం రైలు మార్గం, అందుకే ఈ రేవు. ఆ లైను 1931లో పూర్తయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన కెరటాల జోరు ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి రాళ్ళతో నింపి ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికొచ్చింది. డిసెంబరులో వైస్రాయి వచ్చి ప్రారంభించాడు.

ఈ రేవు కట్టాలన్న ఆలోచనకి వెనకున్న సరుకుల్లో మొదటి పేరు మాంగనీసు. పెట్రోలు కాదు, బొగ్గు కాదు, బస్తరు వైపు బైలడిల్లా ఇనుపరాయి కూడా కాదు, అది వచ్చింది 1960ల్లో. బీచి రోడ్డు మీద సాయంత్రం కూర్చుని ఓడలు చూస్తున్నప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది, ఇది మా నాయనమ్మ నెత్తిన గంప ఎత్తుకున్న రాయి తెచ్చిన ఓడ అని.

కానీ రేవొచ్చాక మా రాయికి మంచి రోజులు రాలేదు. మా వైపు రాయిలో భాస్వరం ఎక్కువ, ఇనుము ఎక్కువ. భాస్వరం ఉక్కులోకి వెళ్తే చలికి పెళుసెక్కుతుంది. నాగపూరు, బాలాఘాట్ రాయి మేలు రకం. అది ఇప్పుడు దగ్గర దారిలో విజయనగరం మీదుగానే బండ్లలో వచ్చి ఇక్కడ ఓడెక్కేది.  మా రాయికి రేటు పెరగాలంటే ప్రపంచంలో ఎక్కడో ఏదో జరగాలి. కొరియా యుద్ధం రోజుల్లో అలాగే పెరిగింది, అప్పటికే రష్యా అమెరికాకి సరుకు దాదాపు ఆపేసింది, ఇక్కడ గుట్టలు గుట్టలుగా తవ్వారు. 1957 నాటికి బ్రెజిల్లో కొత్త గనులు తెరుచుకున్నాయి, మా పేటలో పాతిక కుటుంబాలకి పనిపోయింది. బ్రెజిల్ ఎక్కడుందో మా వాళ్ళకి తెలీదు. ఎక్కడో ఉన్న ఊరి మూలంగా తమ పొయ్యి ఆరిపోయిందన్న సంగతీ తెలీదు. 'ఈ ఏడు రాయి ఎత్తుబడి లేదంట' అనుకున్నారు, అంతే.

చరిత్ర ఇంతవరకు చాలు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట అచ్చయి ఉన్నవే. ఎక్కడా అచ్చవనిది చెప్తాను.

గనిలో మగవాళ్ళు గునపంతో, సుత్తితో రాయి తీస్తే ఆడవాళ్ళు గంపలతో పైకి మోసి, మట్టి దులిపి, చిన్న సుత్తితో చెత్తరాయి కొట్టేసి, రకాల వారీగా ఏరేవారు. మా అమ్మ ఏరుడు పనిలో ఉండేది. ఆవిడకి చదువు లేదు. కానీ రాయి అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి పైకి ఎగరేసినట్టు అనేది, అంతే, ఏ కుప్పలోకి వెయ్యాలో చెప్పేసేది. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేది. 'నలుపు సూడకే, నలుపంతా ఒకటే. బరువు సూడు. ఏలికి మసి అంటిందా సూడు' అనేది. చేతికి నలుపంటేది మెత్తరాయి, అంటకుండా గాజులా నున్నగా గట్టిగా ఉండేది ఇంకో రకం. మొదటిది పైరోలుసైట్, రెండోది సైలోమెలేన్ అని నేను డిగ్రీలో చదువుకున్నాను, ల్యాబులో మేడం నమూనాలు పెట్టి గుర్తుపట్టమంటే కళ్ళు మూసుకుని పట్టాను. పేర్లు కాలేజీలో నేర్చుకున్నానంతే, రాయిని అమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

కూలి రోజుకింత అని కాదు. ఏరిన రాయిని కుప్ప పెట్టాలి, సాయంత్రం గుమస్తా వచ్చి కొలకర్రతో పొడుగు, వెడల్పు, ఎత్తు చూసి పుస్తకంలో రాసుకుంటాడు. కుప్ప నిండితేనే నిండు కూలి. ఇప్పుడు ఆలోచించండి, ఎనిమిదో నెల గర్భిణి ఉంటుంది, జ్వరంతో వచ్చిన మనిషి ఉంటుంది, కీళ్ళు పట్టేసిన ముసలమ్మ ఉంటుంది. వాళ్ళ కుప్ప ఎలా నిండుతుంది? పొద్దు వాలే వేళకి మిగతా ఆడవాళ్ళు ఇళ్ళకి బయల్దేరుతూ, ఎవరూ చెప్పకుండానే, తలా ఒక గంప ఆమె కుప్ప మీద పోసి వెళ్ళేవారు. దానం అనీ సాయం అనీ దానికి పేరు లేదు. 'కుప్ప నింపడం' అనేవారు. ఈ రోజు నీది నిండలేదు, రేపు నాది నిండదు.

ఆ మాట గనిలోంచి పేటలోకి వచ్చేసింది. ఎవరింట్లో పెళ్ళి పెట్టుకున్నా, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, 'ఆళ్ళ కుప్ప నిండిందేటి?' అని అడిగేవారు. బియ్యం ఉన్నాయా, డబ్బు సరిపోయిందా, మనుషులు ఉన్నారా, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే. చీపురుపల్లి కనకమహాలక్ష్మమ్మ జాతరకి పిల్లలందరికీ కొత్తబట్టలు ఉండాలి, ఒక్క ఇంట్లో లేకపోతే మిగతా ఇళ్ళ పిల్లలకి కూడా ఆ రోజు కట్టేవారు కాదు, మర్నాడు అందరం కలిసి కట్టుకునేవాళ్ళం.

ఒక సంఘటన చెప్పాలి. నాకు పదకొండేళ్ళు. ఆగస్టు నెల, నాలుగు రోజులు విడవకుండా వాన. మా గనుల గోడలు రాయి కాదండీ, చాలా చోట్ల మట్టి. తెల్లగా, లేత గులాబీగా, పసుపుగా ఉంటుంది, మెత్తగా, సబ్బులా. మధ్యలో నల్లరాయి పొరలు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. నీళ్ళు తాగిందంటే జారుతుంది, జారేటప్పుడు చప్పుడు కూడా రాదు. అలా ఒక గోడ జారి మా పక్కింటి మావ కింద ఉండిపోయాడు. ముగ్గురు పిల్లలు, చిన్నదానికి ఇంకా నడక రాలేదు. గని తరఫున ఒక మనిషి వచ్చి కొంత డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుని వెళ్ళాడు. ఎంత రావాలో ఎవరికీ తెలీదు, అడగాలని కూడా తెలీదు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పగలిగే మనిషి ఆ రోజు మా పేటలో లేరు. నేను టీచర్నవ్వాలని ఎప్పుడనుకున్నావని నన్ను ఎవరైనా అడిగితే ఆ రోజే అని చెప్తాను.

అయితే తర్వాత జరిగింది వినండి. మూడో రోజు నుంచి ఆడవాళ్ళు గనిలో ఒక కుప్ప ఎక్కువ పెట్టడం మొదలుపెట్టారు, ఆ అత్త పేరు మీద. అత్త ఇంట్లోనే ఉంది, పెద్దకర్మ కూడా కాలేదు. గుమస్తా వచ్చి, రాని మనిషికి కుప్పేంటి, నేను రాయను అన్నాడు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న ముప్పై మంది ఆడవాళ్ళూ గనికి వెళ్ళారు, గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. అరుపుల్లేవు, జెండా లేదు. వక్కాకు నముల్తూ కూర్చున్నారు. లారీ వచ్చి ఖాళీగా నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరో ఒక ముసలమ్మ చోడి అంబలి తీసి వరసగా అందరికీ పోసింది, గుమస్తాకి కూడా ఒక గ్లాసు ఇచ్చింది, ఆయన తీసుకున్నాడు. తాగి, పుస్తకం తెరిచి, అత్త పేరు రాశాడు. ఆ కుప్ప నెలా పదిహేను రోజులు నడిచింది, అత్త మళ్ళీ పనిలోకి వచ్చేదాకా. ఆ గంపల్లో ఒకటి మా అమ్మది, పక్కన నేను నిలబడి ఉన్నాను. ఇప్పటికీ 'సమ్మె' అన్న మాట వింటే నాకు జెండాలు గుర్తురావు, బోర్లించిన గంపలు గుర్తొస్తాయి.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. మాంగనీసు దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలకి తగులుతుంది, నడక తడబడుతుంది, మొహం బిగుసుకుపోతుంది, మాట మెత్తబడుతుంది. డాక్టర్లు ఈ జబ్బు గురించి 19వ శతాబ్దంలోనే రాశారు. మా వీధిలో ఒక తాత అలాగే నడిచేవాడు, వాతం అన్నారు, తాగుడన్నారు. ఆయన తాగేవాడు కాదు. జబ్బు పేరు నేను పుస్తకంలో చదివేనాటికి ఆయన లేడు.

నేను పదో తరగతి రాసిన ఏడాది మా గని ఆగిపోయింది. గని మూతపడ్డం అంటే తలుపేసి తాళం వెయ్యడం కాదు. పంపులు ఆపేస్తారు, అంతే. పుట్టినప్పట్నుంచీ రాత్రీ పగలూ ఆ పంపుల చప్పుడు వింటూ పడుకున్నవాళ్ళం, ఆ రాత్రి పేటలో ఎవరికీ నిద్ర పట్టలేదు. పసిపిల్లలు లేచి ఏడ్చారు. పొద్దున్నే అందరం గట్టు మీదికి వెళ్ళి చూస్తే అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి. రోజుకింత చొప్పున లేచాయి. మగవాళ్ళు తవ్విన మెట్లు ఒక్కోటీ మునిగిపోతుంటే మా నాన్న రోజూ వెళ్ళి కూర్చుని చూసొచ్చేవాడు, ఇంటికొచ్చి ఏమీ మాట్లాడేవాడు కాదు.

తర్వాతి ఏడు ఆ గోతిలో ఒక పిల్లాడు పడిపోయాడు, అదృష్టం బాగుండి పశువుల కాపరి చూసి లాగాడు. అప్పుడు మళ్ళీ ఆ ఆడవాళ్ళే కూర్చున్నారు, రావిచెట్టు కింద. తాటి దుంగలు తెచ్చి చుట్టూ దడి కట్టించారు, ఇంటికో మనిషి, వారం రోజులు. ఒక పక్క వాలుగా తవ్వి పశువులు దిగడానికి రేవు చేశారు. కింద పొలాల వాళ్ళు నీళ్ళకొస్తే ముందు ఆకుమళ్ళకి, ఆ తర్వాతే మిగతాదానికి అని వరస పెట్టారు. పొలం ఉన్నవాళ్ళు మా పేట వాళ్ళు కాదు, అయినా పెట్టారు. ఆ వరస ఏ కాగితం మీదా లేదు, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగితే ఇప్పటికీ అలాగే నడుస్తోందన్నారు.

పేట చాలావరకు విశాఖకొచ్చేసింది. కొందరు పోర్టులో కలాసీలు, కొందరు కంచరపాలెంలో, గాజువాకలో తాపీపని, ఇంకొందరు హైదరాబాదు, చెన్నై వెళ్ళారు. గరివిడిలో ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ ఉండబట్టి కొందరు అక్కడే నిలబడ్డారు. మా వైపు ఇప్పటికీ అక్కడక్కడ తవ్వుతారు, కానీ ఊరు ఊరంతా గని మీద బతికిన కాలం వెళ్ళిపోయింది. ఉక్కునగరం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారని చెప్పారు. మీ స్టీలు ప్లాంటు సొంత మాంగనీసు గని ఎక్కడ పెట్టుకుందో తెలుసు కదా, గర్భాంలో, మా పక్కనే. రేవు కట్టించిన రాయే మళ్ళీ మీ కొలిమిలోకి వచ్చింది.

కంచరపాలెంలో మొదట దిగిన మా పేట కుటుంబం ఇల్లు ఒకే గది. దాంట్లో ఒకసారి పదకొండు మంది ఉన్నాం, నేనూ వాళ్ళలో ఒకదాన్ని, బీఈడీ చదువుతూ. ఎవరు కొత్తగా రైలు దిగినా ముందు ఆ గదికే రావాలి, పని దొరికేదాకా అక్కడే తినాలి. దొరికాక వెళ్ళిపోతూ ఒక బస్తా బియ్యం దించి వెళ్ళాలి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం. నా మొదటి జీతంతో నేను దించిన బస్తా నాకు బాగా గుర్తు, మెట్ల దగ్గర మోయలేక కూర్చుండిపోతే ఎవరో పిన్ని వచ్చి అటు చివర పట్టుకుంది.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఈ హాల్లో కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారు, చేతిలో ఫోన్లున్నాయి. ఏరుడు పని చేసినవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు, ఎనభై దాటిన వాళ్ళు. రాయి అరచేతిలో పెట్టి రకం చెప్పగలిగేవాళ్ళు నాకు తెలిసి మా పేటలో నలుగురే. కోడూరులో, గర్భాంలో, దేవాడలో ఎంతమంది ఉన్నారో వెళ్ళి అడగాలి. ఎంత తవ్వారు, ఎన్ని ఓడలెక్కించారు అన్న లెక్కలు ఎక్కడో ఉంటాయి. ఎవరి కుప్ప ఎవరు నింపారో వీళ్ళ నోటనే ఉంది. వాళ్ళు చెప్తే వినండి, మధ్యలో ఆపకండి, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రికార్డు చెయ్యండి, మన పుస్తకాల భాషలోకి దిద్దకండి.

వచ్చే ఆదివారం నేను పొద్దున్న పాసింజరుకి వెళ్తున్నాను. రావాలనుకున్నవాళ్ళు అయిపోయాక నా దగ్గర పేరు రాయించుకోండి. గరివిడిలో దిగి ఆటోలు మాట్లాడుకుందాం. టోపీ, నీళ్ళు తెచ్చుకోండి, నీడ ఉండదు. భోజనం తెచ్చుకోవద్దు, తెస్తే వాళ్ళు బాధపడతారు. గట్టు అంచుకి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు, ఆ తెల్లమట్టి సంగతి చెప్పాను కదా.

రాయి ఎక్కడిదాకా వచ్చింది? ఆ మూల బాబు దగ్గరుందా? ఇలా ఇవ్వు నాన్నా. ఏదీ, నీ చెయ్యి చూపించు. అంటింది కదూ. చింతపండుతో రుద్దుకో, పోతుంది. మా అమ్మ అలాగే కడుక్కునేది.